ఋణంలో 'ఋ', డెట్‌లో 'బి'

ఒక్క ఇంగ్లీషు మాటకి నేను తప్పు అర్థం చెప్పినందుకు మా అమ్మ చేతి గాజులు రెండు పోయాయి. గాజులే కదా అనుకోకండి. అవి మా అమ్మమ్మ తన చేతినుంచి తీసి అమ్మ చేతికి తొడిగినవి.

దగ్గర బంధువొకాయన అప్పు తీసుకుంటూ, హామీ సంతకం పెట్టమని నాన్నగారినీ అమ్మనీ అడిగాడు. మరో బంధువు అప్పటికే పెట్టేశాడు. కాగితాలన్నీ ఇంగ్లీషులో వున్నాయి. "అమ్మాయి బి.ఏ. చదివింది, నవలలు కూడా రాస్తోంది, చదివి చెప్తుందిలే" అన్నారు అందరూ. నవలలు రాయడానికీ బాండు కాగితాలు చదవడానికీ సంబంధం ఏమిటో నేనైనా అడిగివుండాల్సింది. అడగలేదు, పైపెచ్చు పొంగిపోయాను. 'జాయింట్లీ అండ్ సెవెరల్లీ' అన్నచోట మాత్రం ఒక్క క్షణం ఆగాను. సెవెరల్ అంటే 'చాలా', 'అనేక' అని ఏడో తరగతిలో బట్టీ పట్టిన జ్ఞాపకం. "చాలామంది కలిసి బాధ్యత పడతారన్నమాట అమ్మా, నీ ఒక్కదాని నెత్తినా పడదు" అన్నాను ధైర్యంగా. అమ్మ సంతకం పెట్టింది.

నాలుగేళ్ళకి నాన్నగారు పోయారు. అప్పు తీసుకున్నాయన వ్యాపారం అంతకుముందే మునిగింది. మూడో ఆయన ఆస్తంతా పిల్లల పేర రాసేసి నిశ్చింతగా వున్నాడు. నోటీసు మా అమ్మ పేరున వచ్చింది, మూడోవంతుకి కాదు, మొత్తానికి. వకీలుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "సెవెరల్లీ అంటే విడివిడిగా అని తల్లీ. అందరూ కలిసీ బాధ్యులే, ఎవరికి వారూ మొత్తానికి బాధ్యులే. ఎవరు దొరికితే వారిదగ్గర మొత్తం రాబట్టుకోవచ్చు" అన్నారు. ఇంట్లో వున్న డిపాజిట్టు తీసి, చాలనిదానికి గాజులు అమ్మి కట్టాం.

ఆ రాత్రి నిఘంటువు తీశాను. పెళ్ళయిన తర్వాత ముహూర్తం చూసుకున్నట్టు. 'సెవెరల్' పుట్టుక లాటిన్‌లో. 'సెపరేట్' ఏ ఇంటిదో ఇదీ ఆ ఇంటిదే. మొదట్లో దానికి 'వేరువేరు' అన్నదే అర్థం. వేరువేరుగా వున్నవి ఒకటికి మించి వుంటాయి కనక మెల్లగా 'కొన్ని', 'పలు' అన్న అర్థం పట్టుకుంది. వ్యవహారంలో పాత అర్థం జారిపోయినా న్యాయశాస్త్రంలో మాత్రం అలాగే నిలిచిపోయింది. ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో చివరి రెండింటినీ వేలితో మూసి చూడండి. మిగిలేది 'సెవర్'. తెంచడం, విడదీయడం. ఆ అర్థం ఏడో తరగతినుంచీ నా కళ్ళముందే వుంది. మాటని విడదీసి చూడాలని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. అంటే బావుండేది. మర్నాడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఒక నోటు పుస్తకం నా ముందు పెట్టి, "నాకు ఇంగ్లీషు నేర్పు" అంది. అప్పటికామెకి అరవై దాటాయి. చదువు అయిదో తరగతితో ఆగింది. అయితే భాగవతం పద్యాలు కంఠతా వచ్చు. సంధి పేరు చెప్పలేదుగానీ ఏ మాట ఎక్కడ విరుగుతుందో ఆవిడ నాలుకకి తెలుసు.

పాఠం మొదలెట్టిన వారానికే నన్ను ఇరుకున పెట్టింది. "డెట్ అంటే అప్పు అన్నావు. డి, ఇ, బి, టి అని రాశావు. ఆ 'బి' ఎందుకే? పలకనప్పుడు రాయడం దేనికి?"

ఈ ప్రశ్నకే నేను చిన్నప్పుడు దెబ్బలు తిన్నాను. మా రోజుల్లో డిక్టేషన్ అంటే శనివారంనాటి గండం. 'డెట్' అని వినిపించినట్టు రాస్తే అరచేతి మీద ఒకటి, 'డౌట్' అని వినిపించినట్టు రాస్తే ఇంకొకటి. ఎందుకండీ అని అడిగితే మూడోది. "ఇంగ్లీషంతే, బట్టీ పట్టు" అన్నదే సమాధానం. ఇప్పుడు అమ్మకి కూడా అదే సమాధానం చెప్పడానికి నోరు రాలేదు. అలా మొదలైంది నా వెతుకులాట.

ఇంగ్లండుని 1066లో నార్మన్లు జయించారు. రాజుగారి కొలువులో, న్యాయస్థానంలో, వడ్డీ వ్యాపారంలో ఫ్రెంచి మాటలు దిగాయి. మన ఆఫీసుల్లోకి జమా, వసూలు, తనఖా వచ్చినట్టేననుకోండి. అప్పుని వాళ్ళు 'డెట్' అనే అనేవారు, రాసేటప్పుడూ 'బి' లేకుండానే రాసేవారు. తర్వాత 15, 16 శతాబ్దాల్లో పండితులకి లాటిన్ మోజు ముదిరింది. ఈ మాటకి మూలం లాటిన్ 'డెబిటుమ్' కదా, పుట్టింటి గుర్తు లేకపోతే ఎలా అని మధ్యలో 'బి' తెచ్చి కూచోబెట్టారు. 'డౌట్'కీ అదే సన్మానం. ఫ్రెంచివాళ్ళు కూడా కొన్నాళ్ళు ఆ 'బి' రాసి, లాభంలేదని తీసేశారు. ఇంగ్లీషువాళ్ళు వుంచేసుకున్నారు. షేక్స్పియర్ 1590ల్లో రాసిన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' అనే నాటకంలో హోలోఫెర్నిస్ అని ఒక బడిపంతులున్నాడు. జనం 'డెట్'లోనూ 'డౌట్'లోనూ 'బి' పలకడం లేదని ఆయనకి ఒళ్ళుమంట. షేక్స్పియర్ ఆయన్ని చూసి నవ్వమనే రాశాడు. జనం ఆ పంతులు మాట వినలేదు సరే, పంతులు రాసినట్టు మాత్రం రాస్తూ వచ్చారు.

అయితే ఆ 'బి' వల్ల ఒరిగిందేమిటి? అమ్మ పర్సులోంచి డెబిట్ కార్డు తీయించాను. "ఇందులో 'బి' పలుకుతుందా?" "పలుకుతుంది." "అదీ ఇదీ ఒక్క ఇంటివే." అమ్మ కార్డు మీద అక్షరాలు వేలితో తడుముతూ చాలాసేపు చూసింది. తర్వాత, "ఋణానికి మనం 'ఋ' రాసినట్టన్నమాట. నోటితో 'రు' అనే అంటాంగా" అంది.

నేను ఇన్నాళ్ళు తెలుగులో రాస్తున్నాను, నాకు తట్టలేదు. ఇప్పుడు పేపర్లవాళ్ళు 'రుణం' అనే వేస్తున్నారు, తప్పు పట్టనక్కరలేదు. మా అమ్మ మాత్రం పద్దు పుస్తకంలో ఇప్పటికీ 'ఋ' సుడి తిప్పి మరీ రాస్తుంది. అప్పుని సూచించే మాటలోనే రెండు భాషలవాళ్ళూ పలకని అక్షరాన్ని భద్రంగా దాచుకున్నారంటే, ఋణానుబంధం అంటే ఇదేనేమో అని నవ్వుకున్నాం.

పుట్టింటి గుర్తులన్నీ నిజమైనవి కావు. 'ఐలండ్' అంటే ద్వీపం. అందులో పలకని 'ఎస్' ఒకటుంది. ఈ మాట అచ్చంగా పాత ఇంగ్లీషుది, లాటిన్‌తో దానికే బాదరాయణ సంబంధమూ లేదు. పక్కనే ఫ్రెంచినుంచి వచ్చిన 'ఐల్' అనే మాటలో 'ఎస్' కనిపించేసరికి, ఇదీ ఆ వంశమేననుకుని 'ఎస్' తగిలించేశారు. పెళ్ళిళ్ళలో ఎవరో వచ్చి "నేను మీ మేనత్త తోడికోడలి తమ్ముణ్ణి" అని బంతిలో కూచుంటారే, అలాగన్నమాట. వడ్డించాక లేపలేం కదా.

ఇంక 'నైట్', 'నీ', 'నో' లాంటి మాటల ముందు కూచునే 'కె' కథ వేరు. దాన్ని ఎవరూ తెచ్చి పెట్టలేదు. 1400లో చాసర్ కవి పోయేనాటికి జనం దాన్ని నిజంగానే పలికేవారు. 'నేమ్' అన్న మాటని ఆ రోజుల్లో దాదాపు 'నామ' అనేవారంటే మనకి ఆశ్చర్యం వేస్తుంది. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులో రాత గట్టిపడుతూ వచ్చింది, అదే కాలంలో నోట్లో పలుకు మారిపోతూ వచ్చింది. పెళ్ళినాటి రవిక అలాగే వుంది, మనిషే మారింది.

ఇంతవరకూ పండితుల గొడవ. ఇందులో ఆడవాళ్ళెక్కడ అని వెతికాను. దొరికారు, అదీ ఎక్కడో మూలన కాదు, మొట్టమొదటి ఇంగ్లీషు నిఘంటువు ముఖపత్రం మీద.

1604లో లండన్‌లో రాబర్ట్ కాడ్రీ అనే ఆయన 'ఎ టేబుల్ ఆల్ఫబెటికల్' అని ఒక చిన్న పుస్తకం వేశాడు. ఇంగ్లీషు మాటకి ఇంగ్లీషులోనే అర్థం చెప్పిన మొదటి నిఘంటువు అదే. ఆయన ఒకప్పుడు చర్చిలో మతాధికారి. పైవాళ్ళు చెప్పిన పద్ధతుల్లో నడవలేదని ఆ వుద్యోగం పోయింది. బడిపంతులుగా కూడా పనిచేశాడు. పంతులుగా వున్న కొడుకు సాయంతో సుమారు 2,500 కష్టమైన మాటలు పోగుచేశాడు. పుస్తకం ఎవరికోసమయ్యా అంటే, దొరసానులకీ, పెద్దింటి స్త్రీలకీ, ఇంకా నేర్పు చాలనివాళ్ళకీ అని ముఖపత్రం మీదే అచ్చువేశాడు. అయిదుగురు అక్కచెల్లెళ్ళకి అంకితమిచ్చాడు. చర్చి ప్రసంగాల్లోనూ పుస్తకాల్లోనూ వినబడే గట్టి మాటలు వాళ్ళకి అర్థం కావాలని ఆయన తాపత్రయం. ఆడవాళ్ళని 'నేర్పు చాలనివాళ్ళ' పక్కన నిలబెట్టినందుకు మొదట నాకు రోషం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయనమీద జాలీ, కొంత గౌరవమూ కలిగాయి. మిగతావాళ్ళకి ఆ ఆలోచనైనా రాలేదుగా.

ఆడవాళ్ళకే ఎందుకు కావలసి వచ్చింది? ఆనాటి గ్రామర్ స్కూళ్ళలో మగపిల్లలకి పొద్దున్నించి సాయంత్రం దాకా లాటినే. కాబట్టి ఇంగ్లీషులోకి కొత్తగా ఎంత పెద్ద మాట వచ్చినా వాడు ముక్కలు విడదీసి, 'ఓహో, ఇది ఫలానా ధాతువు' అని పట్టేసేవాడు. ఆడపిల్లలకి ఆ బళ్ళు లేవు. మొదటి ఎలిజబెత్ రాణికి లాటినూ గ్రీకూ ధారాళంగా వచ్చునంటారు, నిజమే. రాణిగారి సంగతి రాణిగారిది, ఇంటింటా పంతుళ్ళని పెట్టి చెప్పించేదెవరు? ఇంగ్లీషు చదవడం వచ్చిన ఇల్లాలికి కూడా తన సొంత భాషలోని మాటలు తాళం వేసిన గదుల్లా వుండేవి. తాళంచెవుల గుత్తి అన్నదమ్ముల మొలకి వేలాడేది. కాడ్రీ ఆ గుత్తి ఇవ్వలేదు. ఒక్కో గది తలుపూ తనే కొంచెం తెరిచి, లోపల ఇది వుందమ్మా అని చూపించాడు. ఒకటి రెండు మాటల్లో అర్థం, అంతే. ఫ్రెంచి మాటకి ఒక గుర్తు, గ్రీకు మాటకి ఇంకో గుర్తు మాత్రం పెట్టాడు. అకారాది వరస కూడా జనానికి కొత్త కాబోలు, 'ఎ'తో మొదలయ్యే మాటకి మొదట్లో చూడండి, 'వి' అయితే చివరివైపు చూడండి అని ఓపిగ్గా చెప్పాడు.

ఆ మొదటి ముద్రణ ప్రతి ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలింది. ఆక్స్‌ఫర్డులో బోడ్లియన్ గ్రంథాలయంలో వుంది. ఆ ఆక్స్‌ఫర్డు ఆడవాళ్ళకి డిగ్రీలు ఇవ్వడం మొదలెట్టింది 1920లో! పుస్తకం అచ్చయిన మూడువందల ఏళ్ళ తర్వాత గానీ, ఎవరికోసం రాశాడో వాళ్ళకి పట్టా దొరకలేదు.

తర్వాత డాక్టర్ జాన్సన్ 1755లో మహానిఘంటువు వేశాడు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828లో ఇంకా పెద్దది వేశాడు. 'కలర్'లో 'యు' పీకేసిన మహానుభావుడు ఆయనే. ఆయన ఇంకా చాలా పీకాలనుకున్నాడుగానీ జనం ఒప్పుకోలేదు. బెర్నార్డ్ షా అయితే 1950లో పోతూ, ఇంగ్లీషుకి కొత్త లిపి తయారుచెయ్యమని వీలునామాలో డబ్బు రాశాడు. ఆ లిపిలో 1962లో ఆయన నాటకమొకటి అచ్చయింది కూడా. తర్వాత ఎవరికీ పట్టలేదు.

చిన్నప్పుడైతే నేను షాగారికి దణ్ణం పెట్టేదాన్ని. ఇప్పుడు సందేహిస్తున్నాను. 'సైన్' అంటే సంతకం చెయ్యడం. అందులో 'జి' పలకదు. పలకదు కదా అని తీసేస్తే, 'సిగ్నేచర్', 'సిగ్నల్' దానికి పరాయివైపోతాయి. 'బాంబ్' చివరి 'బి' తీసేస్తే 'బంబార్డ్' అనాథ అవుతుంది. 'మజిల్'లో 'సి' తీసేస్తే 'మస్క్యులర్' ఎవరి బిడ్డో తెలియదు. చెవికి చుట్టరికం తెలియకపోయినా కంటికి తెలుస్తోంది. కారల్ చామ్‌స్కీ అనే అమెరికన్ విదుషీమణి 1970లో సరిగ్గా ఈ సంగతే రాసింది. ఇంగ్లీషు రాత ధ్వనిని సరిగ్గా చూపించకపోయినా మాటల బంధుత్వాన్ని చూపిస్తుందనీ, పిల్లలకి అది చెప్పి నేర్పాలనీ ఆవిడ వాదన. నాకు డిక్టేషన్ చెప్పినవారికి ఆ వ్యాసం ఎవరైనా పోస్టులో పంపివుంటే నా అరచేతులు బాగుపడేవి.

పిల్లలకి ఈ విడదీయడం, కలపడం ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే పట్టుబడుతుందని జీన్ బెర్కో అనే ఇంకొకావిడ 1958లో తమాషాగా చూపించింది. లేని పిట్ట బొమ్మొకటి గీసి, దానికి 'వగ్' అని లేని పేరు పెట్టింది. రెండు పిట్టలు చూపించి ఇవేమిటంటే, ఏనాడూ ఆ మాట వినని పిల్లలు 'వగ్స్' అన్నారు. మన పిల్లలూ అంతే. 'తనం' అన్న ముక్క ఒక్కటి పట్టుబడితే మంచితనం, పిల్లతనం ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషులో 'నెస్' అలాంటిదేనని నాకు కాలేజీకి వెళ్ళాకగానీ తెలియలేదు. 1984లో నాగీ, ఆండర్సన్ అనే ఇద్దరు పండితులు అమెరికా బడిపుస్తకాల్లో ఎన్ని మాటలున్నాయో అంచనా కట్టారు. మాటల కుటుంబాలే 88,500 దాకా తేలాయి. రోజుకి పది చొప్పున బట్టీ పట్టినా ఎప్పటికి తెమిలేను? అయితే ఒక మాట నేర్చుకున్న పిల్లవాడికి, విడదీసే నేర్పుంటే, దాని చుట్టాలు ఇంకో ఒకటి నుంచి మూడు దాకా అర్థమవుతాయని కూడా వాళ్ళే లెక్క చెప్పారు. మన ఇంట్లో ఒక్కళ్ళకి భోజనం చెప్తే నలుగురు వచ్చినట్టు.

అమెరికాలో వున్న మా చెల్లెలి కూతురు స్పెల్లింగ్ పోటీలకి తయారవుతుంటే ఫోన్లో చూస్తూ వుంటాను. 1925 నుంచీ జరుగుతున్న జాతీయ పోటీలో 2019లో ఎనిమిది మంది కలిసి గెలిస్తే, ఏడుగురు భారతీయ సంతతి పిల్లలే. తెలియని మాట ఇస్తే ఆ పిల్ల మొట్టమొదట అడిగేది, 'ఈ మాట ఏ భాషనుంచి వచ్చింది?' అని. మా అమ్మ విని ఎంత సంబరపడిందో! "మీ ఇంటిపేరేమిటి, ఏ ఊరువాళ్ళు అని అడుగుతోందే! అమెరికాలో పుట్టినా మన పిల్లే" అంది.

అమ్మ నోటు పుస్తకంలో ఇప్పుడు ఒక్కో పేజీకి ఒక్కో ఇంటిపేరు. నాకు బాగా నచ్చిన పేజీ 'మార్ట్‌గేజ్'ది. తాకట్టు. అందులోనూ పలకని 'టి' వుంది. పాత ఫ్రెంచిలో 'మార్ట్' అంటే చచ్చిన, 'గేజ్' అంటే కుదువ. చచ్చిన కుదువ! బాకీ తీర్చకపోతే ఆ భూమి బాకీదారు పాలిట చచ్చినట్టే, తీరిస్తే అప్పిచ్చినవాడి పాలిట చచ్చినట్టు అని 17వ శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ అనే న్యాయకోవిదుడు వివరించాడు. అమ్మ ఆ మాట కింద వరసగా మార్చురీ, పోస్ట్‌మార్టం, మార్టల్ అని రాసుకుని, అన్నిటికంటే కింద తెలుగులో 'మృతి' అని రాసింది. నాకు చెప్పకుండానే. ఆ చుట్టరికం నిజమే. సంస్కృతం, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చివుండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. మన తెలుగుది ఆ వంశం కాదు, అరవం కన్నడాలతో కలిసిన వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర తేల్చాడు. కానీ సంస్కృతం మాటలు మన ఇంటికి ఎప్పుడో కోడళ్ళుగా వచ్చేశాయి కదా. ఆ కోడళ్ళ తరఫున ఇంగ్లీషు మనకి దూరపు వియ్యంకురాలు.

అయితే ఈ విద్యతో గర్వం పనికిరాదు. ఇన్‌ఫ్లేమబుల్ అని టాంకర్ల మీద రాసుంటుంది చూశారా? ముందు 'ఇన్' వుంది కదా, న్యాయానికి ముందు 'అ' పెడితే అన్యాయమైనట్టు, ఇది అంటుకోనిదేమో అని మా అమ్మ విడదీసింది. నా గుండె ఆగినంత పనైంది. ఇక్కడ ఆ 'ఇన్' లేదనే 'ఇన్' కాదు, లోపలికి అనే 'ఇన్'. భగ్గుమనేదని అర్థం. అలాగే రసీదుకీ రిసీట్‌కీ చుట్టరికం వుందనుకుంది. పేర్లు కలిశాయి, పనీ ఒక్కటే, కానీ రసీదు ఫార్సీది, రిసీట్ లాటిన్ నుంచి వచ్చింది. ఆ పేజీ మీద అమ్మ అడ్డంగా గీత కొట్టి, 'చుట్టాలు కారు' అని రాసిపెట్టుకుంది.

మొన్న సంక్రాంతికి బంధువుల అబ్బాయొకడు వచ్చాడు. అరిసెలు తిన్నాడు, అమ్మ ఆరోగ్యం అడిగాడు, మెల్లగా సంచీలోంచి కాగితాలు తీశాడు. "చిన్న సంతకం పిన్నిగారూ, ఊరికే ఫార్మాలిటీ." నేను చెయ్యి చాచాను. అమ్మ నాకివ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని, చూపుడువేలు ఒక్కో వరస మీదా ఆనిస్తూ, పెదవులు కదుపుతూ చదవసాగింది. అబ్బాయి రెండో గ్లాసు మంచినీళ్ళు కూడా తాగాడు. మూడో పేజీలో వేలు ఆగింది. ఒక మాట చివరి అక్షరాల్ని వేలితో మూసి, తీసి, మళ్ళీ మూసి చూసుకుంది. కాగితాలు మడతపెట్టి అతని చేతికిచ్చి, "కాఫీ తాగి వెళ్దువుగాని, కూచో నాయనా" అంటూ వంటింట్లోకి వెళ్ళింది.